నోరా ఎందుకు వెనక్కి వెళ్లింది

పుంగనూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇప్పుడు ఫిజిక్స్ చెప్పే భారతికి సముద్రం చూపిస్తానని వాళ్ల నాన్న గంగప్ప సినిమాకు తీసుకెళ్లినప్పుడు ఆమెకు పదమూడేళ్లు. గంగప్ప హమాలీ. పోస్టరు మీద "ఏడో నౌక" అని చదివించుకుని, నౌక ఉంది కాబట్టి సముద్రం ఉంటుందని అనుకున్నాడు. లోపల కూర్చున్నాక చూస్తే సముద్రం లేదు, భూమి కూడా లేదు. నల్లటి ఆకాశంలో ఇనుప నౌక ఒకటి ముందు పోయిన ఆరు నౌకల్ని వెతుక్కుంటూ పోతోంది. అందులో ఏదో ఉంది. అది తెర మీద ఒక్కసారి కూడా కనిపించదు. తడిగుడ్డలోంచి ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా నౌకలో ఒక మనిషి తగ్గిపోతాడు. గంగప్ప కూతురి కళ్ల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. భారతి ఆయన వేళ్ల సందుల్లోంచి సినిమా అంతా చూసింది.

చివరికి నోరా అనే ఇంజనీరు ఒక్కతే మిగులుతుంది. తప్పించుకోవడానికి చిన్న పడవలాంటిది ఒకటి సిద్ధంగా ఉంటుంది. నోరా దాని మీద చెయ్యి వేస్తుంది. కాసేపు నిలబడుతుంది. తర్వాత దాన్ని ఖాళీగానే వదిలేసి, వెనక్కి నౌకలోకి నడిచిపోయి, తలుపు లోపలి నుంచి మూసుకుంటుంది. అంతే, సినిమా అయిపోతుంది. ఎందుకు వెళ్లిందో ఎవరూ చెప్పరు.

ఆ రోజు థియేటర్లో జనం కుర్చీలు గుద్ది గోల చేశారు. రీలు ఎత్తేశారని ఆపరేటర్ని బూతులు తిట్టారు. భారతి మాత్రం ఇంటికొచ్చి మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. చదువుకుని, టీచరై, మదనపల్లె మార్కెట్ యార్డులో గుమాస్తాగా ఉన్న మురళిని పెళ్లి చేసుకుని, నలభై దాటినా ఆ తలుపు మూసుకున్న చప్పుడు ఆమె చెవుల్లోనే ఉండిపోయింది. ఆమెకు పిల్లల్లేరు. వాళ్లిద్దరూ కూడబలుక్కునే వద్దనుకున్నారు. స్టాఫ్ రూములో, పెళ్లిళ్లలో, బస్సులో పక్క సీట్లోవాళ్లు కూడా "యాల లేరమ్మా?" అని అడిగేవాళ్లు. అడిగిన ప్రతిసారీ భారతికి నోరా గుర్తొచ్చేది. ఎవరికీ జవాబు చెప్పకుండా తలుపేసుకున్న మనిషి ఒకతె ఉందని, ఆమెను చూసి ప్రపంచమంతా ముప్పై ఏళ్లుగా తల పట్టుకుంటోందని తలచుకుంటే బలంగా ఉండేది.

వెంకటేష్ పరిచయమైంది కూడా నోరా వల్లే. పదేళ్ల కిందట యూట్యూబులో ఆ చివరి సీను కింద ఒక తెలుగు కామెంటు కనిపించింది. "ఆయమ్మ ఎనక్కి యాల పోయిందో ఎవరికన్నా తెలిస్తే సెప్పండి. దయచేసి." భారతి దానికి పేజీడు జవాబు రాసింది. తెలియకపోవడమే ఈ సినిమా గొప్పతనం, తెలిసిన రోజు ఇది మామూలు దెయ్యాల సినిమా అయిపోతుంది అని. రాసినతను కుప్పంలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న కుర్రాడు. సొంతూరు రామకుప్పం పక్కన పల్లె. అక్కడి నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలైంది. తర్వాత వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. ముప్పై నలభై మంది చేరారు. భారతి రాసేది, మిగతావాళ్లు చదివేవాళ్లు. వెంకటేష్ మాత్రం ఆర్నెల్లకోసారి అదే ప్రశ్న అడిగేవాడు. "అక్కా, నిజంగా ఏమీ ల్యాకుండానే పోయుంటుందంటావా?" అని. భారతి ప్రతిసారీ ఓపికగా అదే జవాబు చెప్పేది. ఒకసారి మాటల్లో వాళ్ల నాన్న ఏనుగుల వల్ల పోయాడని చెప్పాడు. ఆమె రెండు చేతులు జోడించిన బొమ్మ పంపింది. ఎలా పోయాడని అడగలేదు.

ఈ ఏడు ఆ సినిమాకు ముందు కథ వచ్చింది. "ఏడో నౌక – ఆరంభం". మదనపల్లెలో తెలుగులోనే శుక్రవారం పొద్దున ఆట. భారతి సెలవు పెట్టింది. వెంకటేష్ కుప్పంలో తెల్లవారే బస్సెక్కాడు. పలమనేరులో మారి పుంగనూరు వచ్చేసరికి భారతి బస్టాండులో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. అతను ఆమె అనుకున్నదానికంటే పొట్టి. ఇస్త్రీ మడతలు పోని కొత్త చొక్కా వేసుకున్నాడు.

"నాకు రాత్రి నిద్ర పట్టలేదక్కా," అన్నాడు సీటు జరిగి ఇస్తూ.

"నాకూ అంతే. భయంగా ఉండాదప్పా. చెడగొట్టింటారేమోనని."

"చెడగొట్టరులే. ఆయమ్మ సంగతి సెప్తారంట గదా."

"అదే నా భయం," అంది భారతి.

ఆమె భయపడినంతా జరిగింది. మొదటి పావుగంటలోనే ఆ జీవిని చూపించేశారు. వెలుతురులో, తల నుంచి తోక దాకా. తోలు వలిచిన ఉడుములా ఉంది. ముందు వరుసల్లో కుర్రాళ్లు ఈలలేసి నవ్వారు. ఏదో కంపెనీ దాన్ని గాజు తొట్టిలో పెంచిందట, పెంచినవాడు మంచివాడేనట. ఆ తడిగుడ్డ ఊపిరికి కూడా కారణం చెప్పారు, దానికి చిన్నప్పుడు గొంతులో గాయమైందట. భారతి కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుంది. ఇంక నోరా జోలికి మాత్రం పోవద్దు అని మనసులో మొక్కుకుంది. పోయారు. నోరాకు ఒక కూతురు. కంపెనీవాళ్లు ఆ పాపను మంచుపెట్టెలో నిద్రపుచ్చి, ఏడో నౌక అడుగు అరలో దాచారు. చివర్లో పాత సినిమాలోని ఆ సీనునే మళ్లీ వేసి, నోరా వెనక్కి నడుస్తుంటే నౌక లోపలి నుంచి "అమ్మా" అని గొంతు వినిపించారు. వయొలిన్లు మోగాయి.

పక్కన ఏదో చప్పుడైతే భారతి తిరిగి చూసింది. వెంకటేష్ ఏడుస్తున్నాడు. కళ్లు తుడుచుకోవడం కాదు, భుజాలు ఎగిరెగిరి పడేలా, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆమెకు అసహ్యం వేసింది. తర్వాత చాలాసార్లు ఆ క్షణాన్ని గుర్తు చేసుకుంది గానీ, ఎన్నిసార్లు తలచుకున్నా అప్పుడు తనకు వేసింది అసహ్యమే.

బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నారు. రోడ్డు మీద టమోటా లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. దోసెలు వచ్చాయి. భారతి ముట్టుకోలేదు.

"యాల ఏడ్చినావప్పా?" అంది.

"తెలిసిందక్కా. ఇన్నేండ్లకి తెలిసింది," అన్నాడు. అతని ముఖం కడిగినట్టు తేటగా ఉంది.

"ఏం తెలిసింది? బిడ్డ ఉండాదని. అది సెప్పేదానికి ఇన్నేండ్లు కావాల్నా? ఆడది అన్నాక బిడ్డ కోసం తప్ప ఇంక దేనికీ ఏమీ చెయ్యదా? ఆయమ్మ ఒక ఇంజనీరప్పా. ఒక మనిషి. ఇప్పుడు పట్టుకొచ్చి లాలిపాట పాడించినారు."

"బిడ్డ కోసం పోయిందంటే తప్పేముందక్కా? ఊరికే పోలేదని తెలిసింది గదా. ఊరికే సచ్చిపోలేదని."

"నీకు కారణం కావాల. అంతే గదా? లెక్కల పుస్తకంలో వెనక పేజీ తిప్పి జవాబు సూసుకొనే పిల్లోళ్ల మాదిరి."

వెంకటేష్ తల వంచుకుని దోసె ముక్క తుంచాడు, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "నాకు నిమ్మళంగా ఉండాదక్కా," అన్నాడు చిన్నగా. "అట్ల పోయినోళ్లకి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మనకి తెలీదంతే. అడిగితే తెలుస్తాదేమో."

"అయితే పోయి అడుగు," అంది భారతి. గొంతు హెచ్చింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. "ప్రతిదానికీ పోయి అడుగు. సెప్పేవాళ్లు యాడైనా ఉంటారు. సెప్పినాక అది దేనికీ పనికిరాదు, సూడు."

"అడగొచ్చంటావా?"

"అడగప్పా. నిన్ను ఎవరు వద్దన్నారు?"

అతను దేని గురించి అడుగుతున్నాడో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు. బిల్లు తనే కట్టి లేచింది. తను తర్వాతి బస్సుకు వస్తానని ఆగిపోయిన వెంకటేష్ ఆమె బస్సు దాకా వచ్చి, "కోపం పెట్టుకోవద్దక్కా," అన్నాడు. భారతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం ఆమె ఫేసుబుక్కులో రాసింది. ఎన్నడూ అంత బాగా రాయలేదు. మాటలు వాటంతటవే వచ్చి పడ్డాయి. తెలియనిదాని ముందు నిలబడే ధైర్యం లేనివాళ్ల కోసం తీసిన సినిమా ఇది అంది. ప్రేక్షకుల నోట్లో పాలపీక పెట్టారంది. ఆఖరి పేరాలో ఇలా రాసింది: "నా పక్క సీట్లో ఒక మగాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. పదేళ్లుగా ఈ సినిమాను ప్రేమిస్తున్నానన్నవాడు. అతనికి కావలసింది నోరా కాదని, నోరా మీద కప్పడానికి ఒక దుప్పటి అని ఈ రోజు తెలిసింది. పిరికివాళ్లకు కారణాలు కావాలి. తీసుకోండి, మీ కారణం మీకు దొరికింది."

తెల్లారేసరికి వందల మంది పంచుకున్నారు. హైదరాబాదు నుంచి ఎవరో ఫోన్ చేసి, మా చానల్లో చదువుతాం మేడమ్ అన్నారు. సరేనంది. స్కూల్లో పిల్లలు కూడా "మేడమ్, మీరు రాసింది సూసినాం," అన్నారు. మురళి ఒక్కడే చదివి ఫోను పక్కన పెట్టి, "ఆ ఏడ్చినోడు మన కుప్పం పిల్లోడేనా?" అన్నాడు. భారతి ఫోను తీసుకుని కొత్త కామెంట్లు చూసుకుంది. మధ్యాహ్నానికి వెంకటేష్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఒక్క మాట కూడా రాయలేదు. పోతే పోయాడులే అనుకుంది. పది పన్నెండు రోజులు ఆ పొగడ్తల్లో హాయిగానే గడిచాయి.

నెల తిరిగాక మనసు పీకడం మొదలైంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజి పెడితే చూసినట్టు గుర్తు కూడా రాలేదు. ఇంకో నెల చూసి, ఒక రెండో శనివారం పొద్దున్నే కుప్పం బస్సెక్కింది. అంగడికి తాళం వేసి ఉంది. షట్టరు మీద దుమ్ము పేరుకుంది. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమె, "ఆ పిల్లోడు రెండు నెల్లుగా తెరవలేదమ్మా. ఊర్లోనే ఉండాడంట," అని చెప్పి, పల్లెకు పోయే ఆటోను కేకేసి పిలిచింది.

ఇంటి ముందర చేటతో రాగులు చెరుగుతున్న ముసలామె తలెత్తి చూసింది. వెంకటేష్ తల్లి బయ్యమ్మ.

"నేను భారతినమ్మా. పుంగనూరు. టీచర్ని."

బయ్యమ్మ చేట ఆపింది. "సినిమా మేడమ్మా నువ్వు?"

"అవునమ్మా. వెంకటేష్ ఉండాడా?"

"చేను కాడుండాడు. ఆణ్ణే ఉంటాడు. కూటికి మాత్రం వస్తాడు." కూర్చోమనలేదు. కాసేపటికి తనే పక్కనున్న పీట కాలితో ముందుకు తోసింది. భారతి కూర్చుంది. బయ్యమ్మ మళ్లీ చెరగడం మొదలుపెట్టి, రాగుల వైపే చూస్తూ చెప్పింది.

"ఆ సినిమా సూసొచ్చిన దినం ఎంత సంతోషంగా ఉండాడో, నేను సెప్పలేను. నన్ను కూసోబెట్టి, అమ్మా, నాయన ఎనక్కి యాల పోయినాడో నీకు తెలుసు గదా, సెప్పు అన్యాడు. పదకొండేండ్లలో వాడు నన్ను అట్ల అడగలా. లోపల్లోపలే కుమిలినాడు గానీ అడగలా. నాకు తెలీదప్పా అన్యాను. ఇడిసిపెట్టలా. మూడు దినాలు అన్నం తినలా. మంచి కారణమే ఉంటుందిమా, అక్క కూడా అడగమనింది అన్యాడు."

భారతి పీట ముందుకు జరుపుకుంది. "వాళ్ల నాయనకి ఏమైందమ్మా?"

బయ్యమ్మ ఆమె ముఖం వైపు చూసింది. పదేళ్ల స్నేహంలో ఈమెకు ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"మా ఇంటాయన చెంగల్రాయుడు. పొద్దుగూకే యాళ ఏనుగులు రాగిచేన్లో పడినాయి. టపాసులు కాల్చినా పోలా. అందరం పరిగెత్తినాం. వంక దాటేసినాం. ఇంక ఏం గాదులే అనుకొన్యాం. అప్పుడు ఆయప్ప జోబీ తడుముకొన్యాడు. 'ఫోను మంచె మీద మర్సిపోయినా, పిల్లోడు తిడతాడు' అన్యాడు. నాకొక్కదానికే ఇనబడింది. పట్టుకొనే లోపల వంక దిగి పోయినాడు."

చేటలో రాగులు కదలడం ఆగిపోయింది.

"వాడు అంగడి పెట్టి వారమైండె. అంగట్లోంచి మొదట తెచ్చిన ఫోను వాళ్ల నాయనకే ఇచ్చినాడు. పోగొట్టినావంటే సూడు, అని నవ్వుతా బెదిరించినాడు. నవ్వుతానే. ఆయప్ప దాన్ని బిడ్డని మోసినట్టు మోసినాడు. ఇది వానికి ఎట్ల సెప్పేది? పదకొండేండ్లు నా కడుపులోనే పెట్టుకొంటి. మొన్న సెప్పేసినా. సెప్పినప్పుట్నుంచి అంగడి తెరవలా."

బయ్యమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఆ సినిమాలో ఆయమ్మ దేనికి పోయిందంట?"

"బిడ్డ కోసమమ్మా. బిడ్డ లోపలుండాదని."

"అది నిజమేనా?"

"సినిమా గదమ్మా. ఎవరో ఇప్పుడు అల్లి పెట్టినారు."

"అల్లినోళ్లు మంచోళ్లే," అంది బయ్యమ్మ. "నేనూ అట్ల ఏదన్నా అల్లి సెప్పుంటే సరిపోయుండు. పక్కచేనోళ్ల పాప మంచె కింద ఏడస్తాండె, దానికోసరం పోయినాడని. నా బిడ్డ తలెత్తుకొని తిరిగుండు. నాకు ఆ తెలివి లేకపాయె. అడిగినాడని ఉన్నదున్నట్టు సెప్పేస్తి."

అంతలో వెంకటేష్ వచ్చాడు. గడ్డం పెరిగి, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. భారతిని చూసి ఆగాడు, ఆ తర్వాత తొట్టి దగ్గరికి పోయి నిదానంగా కాళ్లు కడుక్కున్నాడు.

"ఎప్పుడొచ్చినావక్కా?"

"ఇప్పుడేనప్పా. వెంకటేష్, నేను రాసింది..."

"సదివినా. బాగా రాసినావు. పిరికోడనే గదా రాసింది, నిజమే." కోపం ఎక్కడా లేదు. కోపం ఉండి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

భారతి లేచి నిలబడింది. క్లాసులో మొద్దు పిల్లాడికి నచ్చజెబుతున్నట్టు గబగబా మాట్లాడింది. "ఇను నాయనా. మీయమ్మ యాడనో ఒక మాట ఇన్నాది. ఆ గోలలో ఏం ఇన్నాదో ఏమో. ఫోను కోసమే పోయినాడని ఎట్ల సెప్తాం? మంచె కాడ ఇంకేమన్నా సూసుండొచ్చు. ఎవురన్నా పిలిసుండొచ్చు. మనిషి మనసులో ఏముండాదో ఎవురికీ తెలీదప్పా. మీ నాయన ఎనక్కి యాల పోయినాడో నీకు తెలీదు, మీయమ్మకూ తెలీదు."

తెలియకపోవడం గురించి ఆమె పదేళ్లు రాసింది. అంత ప్రాధేయపడుతూ ఎప్పుడూ చెప్పలేదు.

వెంకటేష్ ఓపికగా అంతా విన్నాడు. "నాయన చేతిలోనే ఉండిందక్కా ఫోను," అన్నాడు. "అందరికంటే మొదట అమ్మ పోయి సూసింది. చేతి ఏళ్లు ఇడదీసి తీసిందంట. తీసి వంకలో పారేసింది. నేను, ఫోన్ని ఏనుగులు తొక్కేసుంటాయిలే అనుకొన్యా."

బయ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సంగటి తినిపో అక్కా. ఎండలో వచ్చినావు," అన్నాడతను.

పెట్టారు. తిన్నది. ముద్ద గొంతు దిగడానికి నీళ్లు తాగుతూ తిన్నది. తర్వాత వెంకటేష్ రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు. "అంగడి తెరువప్పా," అంది ఆమె. "సూస్తానక్కా," అన్నాడు. ఆటో కదలబోతుంటే, "ఇంక ఫోన్ సెయ్యద్దక్కా. ఏమనుకోవద్దు. నీ పేరు సూస్తే అదే గుర్తొస్తాది," అని, ఆమె జవాబు కోసం ఆగకుండా చేను వైపు నడిచిపోయాడు.

పలమనేరు బస్సులో కూర్చుని భారతి తను రాసిన దాన్ని తెరిచింది. కింద ఇంకా మెచ్చుకోళ్లు వస్తూనే ఉన్నాయి. చివరి పేరా మళ్లీ చదవబోయింది, మొదటి వాక్యం దాటలేకపోయింది. మొత్తం తుడిచేసింది. ఫోను బ్యాగులో పెట్టి కళ్లు మూసుకుంది.

వి.కోట దాటాక ఫోను మోగింది. ఈ మధ్యే బదిలీ మీద స్కూలుకొచ్చి తెలుగు చెప్పే సుధారాణి ఏదో పంపింది. తెరిస్తే తన రాతే. పైన పేరు లేదు, పొట్టిగా కత్తిరించి చివరి పేరా ఒక్కటే ఉంచారు. ఎవరి చేతులు మారి వచ్చిందో ఏమో. దాని కింద సుధారాణి రాసింది: "ఎవరో భలే రాశారు మేడమ్. మీకు నచ్చుతుందని పంపుతున్నా."